చెరిపేసిన చుక్క

ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. మా ఆయన అనుకున్నాడు. బిడ్డ పోయిన ఐదో నెలలో, ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ, మద్దిలపాలెంలో ఒకాయన కెమెరా క్లాసులు చెప్తున్నాడట, నీ పేరు రాయించేశాను, పది గంటలకి వెళ్లాలి అన్నాడు. నేను సరే అన్నాను. ఆ రోజుల్లో దేనికైనా సరే అనేదాన్ని. కుట్టుమిషన్ అన్నా సరే అనేదాన్ని, కరాటే అన్నా సరే అనేదాన్ని.

ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ఎనిమిదో నెల నిండాక కడుపులో కదలిక ఆగిపోయింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. ఎవరి తప్పూ లేదని, ఒక్కోసారి ఇలా జరుగుతుందని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నేను మత్తులో ఉండగానే పెద్దవాళ్లు ఒక మాట మీదకి వచ్చేశారు. తల్లికి చూపించకూడదు. మొహం చూస్తే మర్చిపోలేదు, మళ్లీ కడుపు పండాలంటే మర్చిపోవాలి. మా వైపు చాలా ఇళ్లల్లో అలాగే చేస్తారు, నా కోసం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. నాకు తెలివి వచ్చేసరికి మా ఆయనా, మా మావయ్యా వెళ్లి పని ముగించి, తలస్నానాలు చేసి వచ్చేశారు. మా ఆయన జుట్టు ఇంకా తడిగా ఉంది. దాన్ని బట్టే నాకు అంతా అర్థమైంది.

మొహం చూడలేదు కాబట్టి మర్చిపోవడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. పిల్ల ఎలా ఉంది అని ఒక్క మాట అడగాలని ఉండేది. అడగలేదు. ఆయనా చెప్పలేదు. గది మధ్యలో బీరువా పెట్టుకుని చుట్టూ తిరిగినట్టు ఇద్దరం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతూ వంటలూ తిండ్లూ కానిచ్చేవాళ్లం.

ఏడుపు రాలేదు. మా అమ్మ ఏడ్చింది, పక్కింటావిడ ఏడ్చింది, నేను ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాను. సెలవు అయిపోగానే ఆఫీసుకి వెళ్లాను. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఓడ సరుకుల కాగితాలు టైపు చేస్తాను. పొద్దున్నే వెళ్లి కీబోర్డు మీద పేరుకున్న బొగ్గుపొడి తుడిచి, సాయంత్రం దాకా తప్పు లేకుండా కొట్టి ఇంటికి వచ్చేదాన్ని. అందరూ ఎంత ధైర్యస్తురాలో అన్నారు. ధైర్యం కాదు, చెయ్యి మొద్దుబారినప్పుడు గిల్లితే తెలియదు కదా, అంతే. దానికి మెచ్చుకోవడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

మాస్టారికి మేడ మీద చిన్న స్టూడియో ఉంది. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లు తీసి తీసి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి. ఆదివారాలు ముహూర్తాలు లేనప్పుడు క్లాసు, ఉన్నప్పుడు సెలవు. మొత్తం ఐదుగురం. నలుగురు కాలేజీ పిల్లలు, నేను. మొదటిరోజు ఎందుకొచ్చారో ఒక్కొక్కరినీ చెప్పమన్నారు. ఒకడు పులుల్ని తీస్తానన్నాడు, ఒకమ్మాయి రీల్స్ అంది. నా వంతు వచ్చాక మా ఆయన పంపించారండీ అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. పర్లేదమ్మా, కెమెరాకి ఆ సంగతి తెలీదు అని, తన పాత కెమెరా ఒకటి నా మెడలో వేశారు.

అది చాలా బరువు. ఆ బరువు నాకు నచ్చింది. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు నేను రెండో వారం కూడా వెళ్లడానికి.

మొదట్లో ఏదీ బుర్రకెక్కలేదు. కటకం లోపల ఒక కన్నం ఉంటుంది, వెలుగు ఎంత రావాలో అది చూసుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అంకె చిన్నదైతే కన్నం పెద్దది, అంకె పెద్దదైతే కన్నం చిన్నది. ఈ లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో మా ఆఫీసులో ఉండాల్సినవాడు. ఈ కన్నం, షట్టరు వేగం, వెలుగుని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓ, ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొత్తు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గించుకోవాలి. మూడు వారాలు బస్సులో కూర్చుని కిటికీలోంచి కనిపించిన ప్రతిదానికీ మనసులో అంకెలు వేసుకున్నాను. ఎండలో ఆటో, ఇంత. నీడలో మామిడికాయల బండి, ఇంత. అంకెలు వేసుకున్నంతసేపూ వేరే ఆలోచన రాదు. అది బాగుంది.

నాలుగో వారం మాస్టారు ఒక తెల్ల కాగితం ఇచ్చి ఫొటో తియ్యమన్నారు. తీస్తే మురికి గుడ్డలా వచ్చింది. తన నల్ల గొడుగు ఇచ్చి తియ్యమన్నారు. అది వెలిసిపోయినట్టు వచ్చింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ దాదాపు ఒకే రంగు.

"దీనికి తెలుపు తెలీదమ్మా, నలుపూ తెలీదు. ఏది చూపించినా బూడిద రంగులోకి లాగేస్తుంది. తెల్లదైతే నువ్వే కాస్త వెలుగు పెంచాలి. నల్లదైతే నువ్వే తగ్గించాలి. అది దాని తప్పు కాదు."

ఆ యంత్రం మీద నాకు మొదటిసారి అభిమానం కలిగింది. ఐదారు నెలలుగా నా లోపల నడుస్తున్నదీ అదే. ఆఫీసులో ఎవరి పెళ్లయినా, మా వీధిలో ఎవరు పోయినా, నాకు ఒకే రంగు.

తర్వాత జాలరిపేట వెళ్లి తలా పది ఫొటోలు తెమ్మన్నారు. పొద్దున్నే వెళ్లాను. పడవలు ఒడ్డుకి లాగేశారు, ఆడవాళ్లు గంపలు ముందు పెట్టుకుని బేరాలాడుతున్నారు. వెనక సముద్రం బాగుంది కదా అని ఒక పెద్దావిడని సముద్రం వైపు వీపు పెట్టించి తీశాను. ఏదీ చూపించు అంది. చూపించాను. సముద్రం ధగధగా వెలుగుతోంది, ఆవిడ మొహం మాత్రం మసి.

"నన్నేటి బొగ్గునాగ సేసీసినావు?" అని ఆవిడే గంప జరిపి, సూర్యుడికి ఎదురుగా తిరిగి కూర్చుని, "ఇప్పుడు తియ్యి," అంది.

తీశాను. ముడతలతో సహా అన్నీ వచ్చాయి. మాస్టారికి చెబితే, ఆవిడకి అడ్రసిచ్చి పంపించు, వచ్చే వారం క్లాసు ఆవిడ చెప్తుంది, నేను కాసేపు కూర్చుంటాను అన్నారు. వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసుకోవడం ఆ రోజుతో అలవాటైపోయింది. ఎవరితో మాట్లాడుతున్నా ముందు వాళ్ల మొహం మీద వెలుగు ఏ పక్క పడిందో చూసేదాన్ని. వాళ్లేం చెప్తున్నారో తర్వాత.

ఎనిమిదో వారం కంప్యూటర్లో ఫొటోలు శుభ్రం చెయ్యడం చెప్పారు. గుండ్రటి గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని మొటిమ మీద పెట్టి నొక్కితే మొటిమ మాయం, చుట్టూ ఉన్న చర్మం వచ్చి ఆ చోటు కప్పేస్తుంది. పిల్లలు ఆవేశంగా ఒకడి ముక్కు మొత్తం మాయం చేసేశారు. మాస్టారు మందలించి ఒక సూత్రం చెప్పారు. వారం తర్వాత ఆ మనిషి మీద ఉండనిది ఏదైనా తీసెయ్యొచ్చు. మొటిమ, చెమట, దోమకాటు, అంటుకున్న పసుపు. ఉండేదాన్ని ముట్టుకోకూడదు. పుట్టుమచ్చ, గాటు, బుగ్గ సొట్ట. పుట్టుమచ్చ తీస్తే మనిషి మారిపోతాడు, మొటిమ తీస్తే మారడు. నేను నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను. మొదటినుంచీ నేను అలాంటి విద్యార్థినినే. చెప్పింది చెప్పినట్టు చేసి మార్కులు తెచ్చుకోవడం తప్ప వేరే తెలివి లేదు.

ఆ నెలలోనే మా ఆడపడుచుకి ఆడపిల్ల పుట్టింది.

మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. పురిటికి పుట్టింటికి, అంటే భీమిలిలో మా అత్తవారింటికి వచ్చింది. ఇరవై ఒకటో రోజున బారసాల. మామూలుగా అయితే ఇలాంటి వాటికి నాలాంటివాళ్లని పిలవరు. పిలవరు అంటే, రావద్దని ఎవరూ అనరు. ఫలానా రోజు అని చెప్పి, నీకు ఆఫీసు ఉంటాదేమో కదా అని వాళ్లే ఒక దారి తెరిచిపెడతారు. మా అత్త అలాగే తెరిచింది. నేనూ ఆ దారినే వెళ్లిపోదును. కానీ మా ఆడపడుచు తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుని, వదిన ఫొటోలు నేర్చుకుంటోంది కదా, తనే తీస్తుంది, నాకు ఇంకెవరూ వద్దు అంది. మా అత్త ఫోన్ మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. తర్వాత, సరే, రండి అంది.

కెమెరా మెడలో ఉంటే మనిషి కనిపించదని ఆ రోజు తెలుసుకున్నాను. పేరంటాళ్లు ఉయ్యాల చుట్టూ మూగారు. తోటికోడళ్లూ పిన్నమ్మలూ వచ్చి నా భుజం తోసుకుంటూ, కొంచెం జరగమ్మా, అడ్డమొస్తన్నావ్ అన్నారే తప్ప నువ్వేమిటి ఇక్కడ అని ఎవరూ అనలేదు. అదే ఫొటోలు తీసే మనిషి కాకపోయుంటే వంటింట్లో కూరలు తరుగుతూ ఉండేదాన్ని. పిల్లని ఉయ్యాల్లో వేసేటప్పుడు నేను అందరికంటే దగ్గరగా, మోకాళ్ల మీద ఉన్నాను. తెల్ల చీర ఉయ్యాల, తెల్ల గుడ్డలో పిల్ల. కెమెరా ఇప్పుడు దీన్ని బూడిద చేస్తుంది అని గుర్తొచ్చి ఒక మెట్టు పెంచాను. కిటికీ ఎడమ వైపుంది. కంటి మీద ఫోకస్ పెట్టాను. పిల్ల కళ్లు తెరిచి నా వైపు చూసింది, నొక్కాను. బాగా వచ్చింది.

ఇంకేమీ అనిపించలేదు. అనిపిస్తుందని నేను ముందురోజంతా భయపడ్డాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన రెండుసార్లు, పర్లేదా అని అడిగాడు. పర్లేదనే అన్నాను, నిజంగానే పర్లేదు. అంత పర్లేకపోవడం ఏమిటో అని మాత్రం అనిపించింది.

మర్నాడు సాయంత్రం కూర్చుని నలభై ఫొటోలు ఏరి శుభ్రం చేశాను. రంగులు సరిచేశాను, వంకరలు సరిచేశాను. పిల్ల బొటనవేలి గోరు మీద అంటుకున్న పసుపు తీసేశాను. నుదుటి మీద ఒకటి, ఎడమ బుగ్గ మీద ఒకటి నల్లగా, పెద్దగా ఉన్నాయి, అవీ తీసేశాను. వారం తర్వాత ఉండనివి. ఒక్కొక్క ఫొటోలో రెండేసి నొక్కులు. బుగ్గ తేటగా వచ్చింది. మాస్టారు చూస్తే మెచ్చుకుంటారు అనుకున్నాను. నలభై ఫొటోలూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసి అన్నం తిని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి గ్రూపులో చాలామంది దండాలూ పువ్వులూ పెట్టారు. వాటి మధ్యలో మా ఆడపడుచు నాకు విడిగా పంపిన ఒకే ఒక్క లైను ఉంది. వదినా, దిష్టి చుక్క ఎందుకు తీసీసినావు?

అప్పుడు చూశాను నేను చేసిన పని. చూసి, ఆఫీసుకి టైమవుతోందని స్నానానికి వెళ్లిపోయాను. జవాబివ్వలేదు.

రెండు రోజుల తర్వాత పిల్లకి జ్వరం వచ్చింది. జలుబేనని డాక్టరు చుక్కల మందిచ్చి పంపించాడట. మా అత్త మధ్యాహ్నం నా ఆఫీసు నంబరుకి ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ అరిచే మనిషి కాదు, ఆ రోజూ అరవలేదు.

"నీకు కడుపుమంట అని నాననను. కానీ గుంటకి జొరం వచ్చీసింది. సుక్క ఎందుకు తీసీసినావో సెప్పు."

మచ్చ అనుకున్నాను అత్తా అన్నాను. అది అబద్ధం. ఆవిడకి తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎన్ని వందల చుక్కలు చూసి ఉంటావు, చుక్కకీ మచ్చకీ తేడా తెలీదా అని అడిగి పెట్టేసింది.

తెలుసు. తెలియకపోవడమేమిటి. ఎదురుగా ఉన్న కాగితాలు టైపు చేస్తూ, ఆ సాయంత్రం మొదటి చుక్క మీద గుండ్రటి గుర్తు పెట్టినప్పుడు నా మనసులో ఏముందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఏమీ లేదు. మాస్టారి సూత్రం ఉంది, అంతే. కానీ ఏమీ లేదు అనుకున్న చోట ఏదో ఉండి ఉంటే? నాకు లేని పిల్ల వాళ్లకి ఉందని లోపలెక్కడో ఉండి, నా వేలితో ఆ పని చేయించిందా? లేదని ప్రమాణం చెయ్యడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఏమీ అనిపించని మనిషి ఏ పనైనా చేసెయ్యగలదు కదా. నాకు భయమేసింది. నా మీద నాకే. చాలా నెలల తర్వాత నాకు తగిలిన మొదటి సంగతి ఆ భయమే.

ఒంట్లో బాగోలేదని చెప్పి రెండింటికే ఇంటికి వచ్చేశాను. అసలు ఫొటోలు కెమెరా కార్డులోనే ఉన్నాయి, అవి చెరిగిపోలేదు. మళ్లీ మొదటి నుంచి కూర్చుని ఒక్కొక్కటీ చుక్కలతో సహా సరిచెయ్యడం మొదలుపెట్టాను. తెర మీద ఎడమ పక్క చుక్క ఉన్న పిల్ల, కుడి పక్క చుక్క లేని పిల్ల. నాలుగు ఫొటోలు అయ్యేసరికి మా ఆయన వచ్చాడు. ఆయన స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు, ఆ వారం పొద్దుటి షిఫ్టు. బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మా అత్త ఆయనకీ ఫోన్ చేసే ఉంటుందని మొహం చూడగానే తెలిసింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనిపించింది.

"కావాలని చెయ్యలేదు బావా."

"తెల్సు," అన్నాడు. తెర వంక చూస్తున్నాడు, నా వంక కాదు. తర్వాత అన్నాడు, "నువ్వెప్పుడూ సుక్క ఎట్టలేదు కదా. ఎట్టినోల్లయితే తియ్యలేరు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నువ్వు మాత్రం ఎవరికి పెట్టావు అన్నాను, కాస్త కోపంగానే.

"మన గుంటకి ఎట్టినాను."

నా చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. ఆయన తల వంచుకుని, గ్రీజు మరకలున్న తన చేతులు చూసుకుంటూ చెప్పాడు. మా అమ్మ హాస్పిటల్ సంచిలో పిల్లకని కాటుక డబ్బీ పెట్టిందట. మా మావయ్య ఆటో పిలవడానికి కిందకి వెళ్లాడట. ఆ కాసేపు పిల్లని ఎత్తుకుని ఈయన ఒక్కడే ఉన్నాడట. అప్పుడు ఆ డబ్బీ తీసి, బొటనవేలితో ఎడమ బుగ్గ మీద పెట్టాడట.

"ఎక్కడ నిలబడ్డావు అప్పుడు?"

"వరండా సివర, కిటికీ కాడ."

"వెలుతురుందా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ఉందన్నాడు. పొద్దున పది కావస్తోందట, మొహం మొత్తం తేటగా కనిపించిందట. పోయిన పిల్లకి చుక్క ఎందుకు పెట్టావని నేను అడిగేలోపే ఆయనే చెప్పాడు.

"సూసినోల్లందరూ పిల్ల బాగుందన్నారు మరి. నర్సమ్మంది, ఆయమ్మంది, మా నాన్న కూడా అన్నాడు. అంతమంది అనీసినాక ఎట్టకుండా ఎలాగ ఉంటాను."

"నువ్వూ అన్నావా?"

"నాను అన్లేదు. నా దిష్టే ఎక్కువ తగిలేలాగుందని నోరు మూసుకున్నాను."

నాకు ఏడుపు వచ్చింది. పెద్దగా, అసహ్యంగా, ముక్కు కారుతూ వచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు, మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాను. పిల్ల మొహం నాకు చెప్పు అన్నాను. ఒక్కటీ వదలకుండా, నుదుటి నుంచి మొదలుపెట్టి కింద దాకా చెప్పమన్నాను. ముందు జుట్టు దగ్గర్నుంచి చెప్పాలన్నాడు, చాలా ఉందట.